పద్దెనిమిది వందలకి నాలుగు అక్షరాలు

ముందు లెక్క చెప్పేస్తాను. పర్సనాలిటీ టెస్టు, 28 పేజీల రిపోర్టు, ముప్పావుగంట కౌన్సెలింగు, అన్నీ కలిపి మనిషికి 1,800 రూపాయలు. మా మరిదిని కూడా తీసుకెళ్ళాను కాబట్టి ఇద్దరికీ కలిపి రెండొందలు తగ్గించారు. ఆ మూడింటికీ విడివిడిగా ధర కట్టమంటే టెస్టుకి సున్నా, రిపోర్టుకి వంద, మిగతా పదిహేడు వందలూ ఆ మాటలకి ఇస్తాను. మాటలు కూడా పూర్తిగా ఇవ్వలేదు, ఆ గొడవ తర్వాత చెప్తాను.

సెంటరు శ్రీకాకుళం టౌన్లోనే. పేరు రాయను. రెండు మూడు విషయాల్లో తిట్టాలనుంది, అక్కడ కూర్చున్న కౌన్సెలర్ కుర్రాడేమో మంచివాడు. పేరు రాస్తే ముందు పోయేది అతని ఉద్యోగమే.

నేను పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. హెచ్‌పీఎల్‌సీ మెషీన్ ముందు కూర్చుని మాత్రలో మందు ఎంతుందో తేల్చడం నా పని. పొద్దుటి షిఫ్టయితే గుజరాతీపేటలో తెల్లవారుజామున నాలుగున్నరకి కంపెనీ బస్సు ఎక్కాలి. మొన్నామధ్య మా మేనేజర్ గారు పిలిచి "షిఫ్ట్ ఇన్‌చార్జిగా వేద్దామనుకుంటున్నాం, వచ్చే నెలాఖరుకి చెప్పమ్మా" అన్నారు. జీతం నాలుగు వేలు పెరుగుతుంది. ఎనిమిది మంది కొత్త కెమిస్టుల బాధ్యత నెత్తిన పడుతుంది.

సంతోషపడాలి కదా. పడలేదు. ఎందుకు పడలేదో నాకే అర్థం కాలేదు. మా ఆయన్నడిగితే "నీ ఇష్టం" అన్నారు. అదేమైనా జవాబా? అప్పుడే మా మరిది ఇన్‌స్టాలో ఆ సెంటరు ప్రకటన చూపించాడు. మీ స్వభావం ఏమిటో తెలుసుకోండి, దానికి తగ్గ ఉద్యోగం ఎంచుకోండి అని. వాడిది డిగ్రీ ఆఖరి సంవత్సరం. బ్యాంకు కోచింగా, ఎంబీఏనా అని ఆరు నెలలుగా ఇంట్లో ఇదే పాట. సరే పదరా అన్నాను.

మేం బయల్దేరుతుంటే మా అత్తయ్య గుమ్మంలో ఆపింది. "ఏటమ్మా, మడిసి గుణం సెప్పడానికి పద్దెనిమిది వందలా? నన్నడిగితే ఉత్తినే సెప్దును కదా!"

టెస్టు సంగతి. ట్యాబ్ చేతికిచ్చి గాజు గదిలో కూర్చోబెట్టారు. 72 ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషులో. తెలుగు బటన్ ఒకటుంది, అది నొక్కకండి. నొక్కితే "మీరు మీ హృదయం చేత పాలించబడతారా లేక మీ తల చేత పాలించబడతారా" అని వచ్చింది. మళ్ళీ ఇంగ్లీషుకే పోయాను.

ఇంగ్లీషులో అర్థమైనా చిక్కు తీరదు. "పార్టీలో కొత్తవాళ్ళతో మీరే ముందు మాట కలుపుతారా?" అని ఒక ప్రశ్న. ఏ పార్టీ? నేను వెళ్ళేవి పెళ్ళి భోజనాలు, బారసాలలు. అక్కడ కొత్తవాళ్ళెవరుంటారు, అందరూ ఏదో ఒక వరసే. "ప్రయాణాలు ముందే ప్లాన్ చేస్తారా, అప్పటికప్పుడు బయల్దేరతారా?" అని ఇంకోటి. మా ఇంట్లో ప్రయాణమంటే అత్తయ్య దగ్గర ఎవరుండాలి, గేదెపాలు ఎవరు పోయించుకోవాలి అన్నది తేలాకే. అందులో నా స్వభావం ఎంత, ఇంటి అవసరం ఎంత? ఇంట్లో నేను వసపిట్టని. ల్యాబులో ఎనిమిది గంటల్లో పది మాటలు మాట్లాడను. ఎవరిలా జవాబు చెప్పమంటారని అడిగాను. "మీకు ఏది సహజమో అలా మేడమ్" అన్నాడు కుర్రాడు. రెండూ సహజమే నాయనా.

పది నిమిషాల్లో రిపోర్టు. రంగు రంగుల అట్ట మీద ఐ.ఎన్.ఎఫ్.జె. అని నాలుగు అక్షరాలు. ఐ అంటే మనసు లోపలికి తిరిగిన మనిషి. ఎన్ అంటే కళ్ళెదుటి వివరం కన్నా దాని వెనకాల అర్థం వెతికే మనిషి. ఎఫ్ అంటే తర్కం కన్నా ఎదుటివాళ్ళ మనసుని చూసి నిర్ణయం తీసుకునే మనిషి. జె అంటే ఏదైనా ఒక కొలిక్కి వస్తేగాని నిద్రపట్టని మనిషి. అక్షరానికి ఎదురు అక్షరం ఒకటుంటుంది కాబట్టి మొత్తం పదహారు రకాలు. ప్రపంచంలో ఇంతమందిమి ఉన్నాం, పదహారు అరల్లో సర్దేశారు. నాకు తగిన ఉద్యోగాలట: కౌన్సెలర్, రచయిత, టీచరు, సేవా సంస్థలో కార్యకర్త. పై నుంచి కిందకి రెండుసార్లు చదివాను, కెమిస్ట్ అన్న మాట లేదు. ఎనిమిదేళ్ళుగా పొరపాటున ఆ బస్సెక్కుతున్నానన్నమాట.

ఇంటికొచ్చాక ఈ అక్షరాల పుట్టుక వెతికాను. స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో మనుషుల రకాల మీద ఒక పుస్తకం రాశాడు. దాన్ని పట్టుకుని అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ ప్రశ్నల టెస్టుగా మలిచారు. ఇద్దరూ సైకాలజీ చదువుకున్నవాళ్ళు కారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఆడవాళ్ళు కొత్తగా ఫ్యాక్టరీ పనుల్లోకి వస్తుంటే ఎవరికి ఏ పని నప్పుతుందో చెప్పాలన్నది వాళ్ళ ఆలోచన. ఆ సంగతి చదివాక తల్లీకూతుళ్ళ మీద నా కోపం కొంచెం తగ్గింది. నాలాంటి వాళ్ళ కోసమే కదా మొదలెట్టారు! ఇంకో ముక్క కూడా తెలిసింది. మైయర్స్ బ్రిగ్స్ టెస్టుని ఉద్యోగంలోకి ఎవర్ని తీసుకోవాలో తేల్చడానికి వాడకూడదని దాన్ని నడిపేవాళ్ళే చెప్తారు. ఎవరైనా ఇంటర్వ్యూలో మీ నాలుగు అక్షరాలు అడిగితే ఈ మాట గుర్తుంచుకోండి. మా సెంటర్లో పెట్టింది అసలుది కూడా కాదు, దాని పోలికలో ఎవరో తయారుచేసింది. అసలు దాంట్లో తొంభైకి పైగా ప్రశ్నలుంటాయి.

ఇక నా అసలు ఫిర్యాదు. రిపోర్టులో అక్షరాలున్నాయి గానీ అంకెలు లేవు.

మా ల్యాబులో ఒక మాత్రలో మందు 98.0 నుంచి 102.0 శాతం లోపల ఉండాలని గీత ఉందనుకోండి. 97.9 వస్తే ఫెయిలే, పెద్ద విచారణ మొదలవుతుంది. గీత గీసి పాసు, ఫెయిలు అనడం మాకూ ఉంది. కానీ కాగితం మీద 97.9 అని రాస్తాం. "ఫెయిలు" అని ఒక్క మాట రాసి అంకె దాచేస్తే ఆ రోజే నన్ను గేటు బయట పెడతారు. ఇంకోటి. శాంపిల్ పెట్టడానికి ముందు ఒకే ద్రావణాన్ని ఆరుసార్లు ఇంజెక్ట్ చేస్తాం. ఆరింటికీ మధ్య తేడా రెండు శాతం దాటితే ఆ మెషీన్ చెప్పే మాట ఆ రోజుకి నమ్మం. మెషీన్ తనతో తనే ఏకీభవించకపోతే మాత్ర గురించి అదేం చెప్తుంది?

కుర్రాణ్ణి అంకెలడిగాను. "అవి ప్రీమియం ప్యాకేజీలో వస్తాయి మేడమ్, ఇంకో మూడొందలు" అన్నాడు. నేను ఊరుకోలేదు. బయట కౌంటర్ దగ్గరున్న పెద్దాయన ఫోన్లో ఉండటం చూసి, పాపం లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. వందకి ఐ 68, ఎన్ 52, ఎఫ్ 61, జె 83. నా డైరీలో ఎక్కించుకుని చేతి అలవాటు కొద్దీ కింద సంతకం, తేదీ, టైము వేశాను. అతను నవ్వాడు. మా దగ్గర రాయకపోతే చెయ్యనట్టే, పెన్సిల్ ముక్క కనిపించినా ఆడిట్‌లో రాసుకుంటారని చెప్పాను.

ఆ 52 చూడండి. ఇంకొక్క రెండు మూడు ప్రశ్నలకి అటు నొక్కి ఉంటే నా ఎన్ కాస్తా ఎస్ అయిపోయేది. ఎస్ అంటే కళ్ళెదుటి వివరాన్ని నమ్మే మనిషి, రచయితా కార్యకర్తా పోయి అకౌంట్సూ రికార్డులూ వచ్చేవి. 52 వచ్చిన నేనూ 95 వచ్చిన ఇంకొకావిడా ఒకే అరలో ఉంటాం. 48 వచ్చినావిడ మాత్రం పక్క అరలో. మనుషుల్లో ఎక్కువమంది ఉండేది ఆ మధ్యలోనే. అయిదు వారాల తర్వాత నెట్‌లో ఉచితంగా దొరికే ఇలాంటిదే ఇంకో టెస్టు రాశాను. ఐ.ఎస్.ఎఫ్.జె. వచ్చింది. అయిదు వారాల్లో నేను మారలేదు, మా బస్సు టైము కూడా మారలేదు.

మరిది కథ చెప్పకపోతే ఈ రివ్యూ నిండదు. వాడికి వచ్చినవి ఇ.ఎస్.టి.పి. అంటే నాలుగు అక్షరాలూ నాకు వ్యతిరేకం. రిపోర్టు సంచిలో పెట్టుకుని ఆటోలో మురిసిపోతున్నాడు. 1948లో అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు తన విద్యార్థులకి టెస్టు పెట్టి, అందరికీ ఒకే కాగితం ఇచ్చాడని నేను ఎక్కడో చదివాను. అందులో వాక్యాలు జాతకాల పుస్తకంలోంచి ఎత్తినవి. 39 మంది విద్యార్థులు ఇది నాకెంత సరిపోయిందని అయిదుకి సగటున 4.26 మార్కులు వేశారు. మనం ఉగాది నాడు పంచాంగం వింటూ తలూపినట్టే. మా ఇంట్లో కూడా ఒకసారి చూద్దామనిపించింది. రాత్రి భోజనాలయ్యాక "నీ రిపోర్టు చదువుతాను, విను" అని నా రిపోర్టు మూడో పేజీ తీశాను. "మీరు బయటికి నిబ్బరంగా కనిపించినా లోపల ఒక్కోసారి మీ నిర్ణయం మీద మీకే అనుమానం. మీలో ఉన్న శక్తిలో చాలా భాగం ఇంకా వాడుకోలేదు. మిమ్మల్ని నిజంగా అర్థం చేసుకున్నవాళ్ళు తక్కువ."

"ఒదినా, అచ్చం నేనే" అన్నాడు.

అట్ట చూపించాను. ముందు నవ్వాడు, తర్వాత మూతి ముడుచుకున్నాడు. మర్నాడు చూస్తే ఇన్‌స్టాలో వాడి పేరు పక్కన ఆ నాలుగు అక్షరాలూ ఉన్నాయి. ఇప్పటికీ తియ్యలేదు.

ఇక ఆ పదిహేడు వందల మాటలు. కౌన్సెలర్ కుర్రాడు సైకాలజీలో ఎమ్మే చేశాడట, పాతికేళ్ళుంటాయేమో. రిపోర్టు నేను తిరగేస్తుంటే "అది సాఫ్ట్‌వేర్‌వాళ్ళు పంపించేది మేడమ్, పక్కన పెట్టండి" అని తెల్లకాగితం తీశాడు. "షిఫ్ట్ ఇన్‌చార్జి పొద్దుట్నుంచి ఏమేం చేస్తారో గంట గంటకీ చెప్పండి" అన్నాడు.

చెప్పడం మొదలెట్టాను. ఆరింటికల్లా, దిగిపోయే షిఫ్టువాళ్ళ దగ్గర అప్పగింతలు, వాళ్ళు సగంలో వదిలేసినవి ఏమిటో కూపీ లాగడం. ఎవరికి ఏ శాంపిల్ అని పంచడం. మెషీన్‌లో కాలమ్ అనే గొట్టంలో ప్రెషర్ పెరిగిపోయిందంటే పరిగెత్తడం. ప్రొడక్షన్ నుంచి పావుగంటకోసారి "రిజల్టొచ్చిందా మేడమ్" అని ఫోను. కొత్త పిల్లలకి బ్యాలెన్స్ మీద తూకం ఎలా వెయ్యాలో నేర్పడం. పిల్లలు రాసిన రికార్డులు ఒక్కో గీతా చూసి సంతకం పెట్టడం. అతను రాస్తూ పోయాడు, మొత్తం 14 పనులు తేలాయి. కలం నా చేతికిచ్చి, ఇష్టంగా చేసేవాటికి సున్నా చుట్టమన్నాడు. రెండింటికే చుట్టాను. నేర్పడం, రికార్డులు చూడటం. రిపోర్టులో నన్ను లోపలి మనిషన్నారు కదా, మరి నేర్పడమంటే రెండు గంటలు గొంతు పోయేలా మాట్లాడటమే. దానికి ఎలా చుట్టానో నాకే వింతగా అనిపించింది.

"ఈ రెండూ ఎక్కువగా ఉండే సీటు మీ కంపెనీలో ఇంకేదైనా ఉందా?" అన్నాడు.

ఈ ప్రశ్న ఎనిమిదేళ్ళలో నన్నెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. పైకి వెళ్ళడమంటే షిఫ్ట్ ఇన్‌చార్జి అవ్వడమే అనుకుంటున్నాను. వెంటనే జవాబు రాలేదు. ఆలోచిస్తుండగానే బయట నుంచి పెద్దాయన తలుపు కొట్టాడు, తర్వాతి వాళ్ళొచ్చారట. టైము చూశాను. ముప్పావుగంటకి డబ్బులు తీసుకుని 32 నిమిషాలకి లేపేశారు. మీరు వెళ్తే కూర్చున్న టైము వాళ్ళ ముందే కాగితం మీద రాసుకోండి, అదొక్కటీ చాలు. లేచేముందు కుర్రాడు గబగబా ఒక మాట చెప్పాడు. రెండు వారాలు రోజూ ఏ పని చేశాక ఎంత అలిసిపోయారో ఒక్క ముక్కలో రాయండి, అక్షరాల సంగతి తర్వాత చూద్దాం అని.

రాశాను. ఇంటికొచ్చేసరికి డైరీ వెతికే ఓపిక ఉండదు కాబట్టి వంటగదిలో పాల లెక్క రాసే పుస్తకం వెనకనుంచి, దానికి దారంతో కట్టి ఉన్న దాంతోనే రాశాను. పద్నాలుగు రోజులయ్యాక చదువుకుంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. మనుషులతో మాట్లాడిన రోజుల్లో నేను అలిసిపోలేదు. చేస్తున్న పని మధ్యలో ఆగిపోయిన రోజుల్లో ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా పడుకున్నాను. ప్రొడక్షన్ ఫోన్లు, సగంలో వదిలిన అప్పగింతలు, మెషీన్ మొరాయింపు, అన్నీ ఆ జాతివే. షిఫ్ట్ ఇన్‌చార్జి పనిలో మూడొంతులు అదే. నాలుగు అక్షరాల్లో దీనికి చోటే లేదు. గాభరా, ఆందోళన లాంటివి అసలు ఆ టెస్టు లెక్కలోకే రావు. బ్యాలెన్స్ గది తాళం వేశానా లేదా అని బస్సులో మూడుసార్లు తల్చుకునే నాలాంటిదాని గురించి ఏం చెప్తుంది?

ఇది అత్తయ్యకి చెప్తే, "నానప్పుడే సెప్పాను కాదేటి? కూర తిరగమోత పెడతన్నప్పుడు నిన్నెవులైనా పిలిస్తే సూడాలి నీ మొకం" అంది. నిజమే. అయితే అత్తయ్యని కూడా పూర్తిగా నమ్మకండి. ఆవిడ లెక్కలో నేను బడిపంతులమ్మ అయిపోవాలి, మరిది పోలీసు అవ్వాలి, మా ఆయన ఏం చేస్తున్నారో ఆవిడకి ఇప్పటికీ సరిగా తెలీదు.

డబ్బులు పెట్టకుండా ఏదైనా ఉందా అంటే, ఉంది. జాన్ హాలండ్ అనే అమెరికా ఆయన 1959లో ఇంకో దారి చూపించాడు. మనుషుల్నే కాక పనుల్ని కూడా ఆరు గుంపులుగా పెట్టాడు: చేతిపని, పరిశోధన, కళ, సేవ, వ్యాపారం, పద్ధతిగా లెక్కలు రికార్డులు చూసే పని. నువ్వెవరని కాకుండా నీకు ఏం చెయ్యడం ఇష్టమని అడుగుతాడు. దీని మీద అమెరికా కార్మికశాఖవాళ్ళు ఓనెట్ అని ఒక సైట్లో 60 ప్రశ్నల పట్టిక ఉచితంగా పెట్టారు. ఉద్యోగాల పేర్లన్నీ అక్కడివే కాబట్టి మనకి కొంత తిప్పుకోవాల్సి వస్తుంది. నాకు పరిశోధన, రికార్డులు పైన వచ్చాయి, పక్కన అంకెలతో సహా. సేవ కూడా మరీ కింద లేదు, అదే నా నేర్పే సరదా కాబోలు. ఇంకోమాట. స్వభావానికీ పనితనానికీ సంబంధం గురించి 1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే, దాదాపు ప్రతి ఉద్యోగంలోనూ పనికొచ్చే గుణం ఒకటే తేలింది. ఒప్పుకున్న పని శ్రద్ధగా పూర్తిచెయ్యడం. మా మరిదికి ఇది చదివి వినిపించాను. చెవిలో ఇయర్‌ఫోన్లున్నాయి.

ఎవరు వెళ్ళొచ్చంటే, నాలాగా ఉద్యోగంలో కొన్నాళ్ళుండి, ఎదురుగా రెండు దారులు కనిపిస్తున్నవాళ్ళు వెళ్ళొచ్చు. రిపోర్టు వద్దు, కౌన్సెలింగు ఒక్కటీ ఎంతని అడగండి. నేనడిగితే అలా కుదరదన్నారు, పదిమంది అడిగితే ఇస్తారేమో. ఇంటర్ పిల్లల్ని మాత్రం తీసుకెళ్ళకండి. నేను కూర్చున్నప్పుడే ఒక తండ్రి కూతుర్ని తెచ్చి "ఇంజనీరింగా మెడిసినా, ఏదో ఒకటి రాసిచ్చెయ్యండి సార్" అంటున్నాడు. ఆ పిల్ల ట్యాబ్ మీద ఒక్కో ప్రశ్నకి తండ్రి మొహం చూసి నొక్కుతోంది. ఎవరి అక్షరాలొచ్చాయో మరి.

నా సంగతి. రెండు వారాల రాత చదివాక ఆ కుర్రాడి ప్రశ్నకి జవాబు దొరికింది. మా ల్యాబులోనే స్టెబిలిటీ విభాగం ఉంది. మందుని 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో పెట్టి నెలల తరబడి చూసే చోటు. ఫలానా తేదీన ఫలానా శాంపిల్ బయటికి తియ్యాలని రెండు మూడేళ్ళ ముందే తెలుస్తుంది, పావుగంటకోసారి ఎవరూ ఫోన్ చెయ్యరు. రికార్డులు గుట్టలు. పైగా ఏటా కొత్తవాళ్ళని వేస్తారు, నేర్పాలి. జీతం మాత్రం పెరగదు. ఆ నాలుగు వేలు నాకు చిన్న మొత్తమేం కాదు, మూడు రాత్రులు దాని గురించే కొట్టుకున్నాను.

నెలాఖరున మేనేజర్ గారి గదికి వెళ్ళి షిఫ్ట్ వద్దు, స్టెబిలిటీకి వెయ్యండి సార్ అన్నాను. కారణమేంటన్నారు. 28 పేజీల రిపోర్టు బ్యాగులోంచి బయటికి తియ్యలేదు. పాల లెక్క పుస్తకం వెనక్కి తిప్పి ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు పైకి నెట్టుకుని పద్నాలుగు రోజులూ చదివారు, మధ్యలో ఒకచోట ఆగి "ఈ మంగళవారం ఫోన్లు చేసింది నేనేనా?" అన్నారు. అవునన్నాను. ఇంకో రెండు పేజీలు తిప్పారు. తర్వాత పుస్తకం దీపం వైపు ఎత్తి పట్టుకుని చూశారు.

"ఎనిమిదేళ్ళ సర్వీసు. ఇదంతా పెన్సిల్‌తోనా అమ్మా?"

స్టెబిలిటీ సంగతి సోమవారం చెప్తానన్నారు.